ఇంటి వెనుక గోదాము వస్తోంది: ప్లానింగ్ బోర్డు ముందు ఏం మాట్లాడాలి?

ప్రశ్న: లాయరు గారూ, మాది మధ్య న్యూజెర్సీలో ఒక టౌన్‌షిప్. ఇల్లు కొన్నప్పుడు మా పెరటి కంచె అవతల మొక్కజొన్న చేను ఉండేది. ఇప్పుడు ఒక ఎల్‌ఎల్‌సీ కంపెనీ అక్కడ పెద్ద గోదాము కడుతుందంటూ సర్టిఫైడ్ పోస్టులో నోటీసు వచ్చింది. ఆ జోన్‌లో గోదాముకు అనుమతి ఉందని, సైట్ ప్లాన్ ఆమోదంతో పాటు రెండు వేరియెన్సులు (జోనింగ్ నిబంధనల నుంచి సడలింపులు) కావాలని అందులో రాశారు. ఇళ్ల వైపు వదలాల్సిన 100 అడుగుల బఫర్‌కు (ఖాళీ జాగాకు) బదులు 60 అడుగులు, 40 అడుగుల ఎత్తుకు బదులు 48 అడుగులు అడుగుతున్నారు. ప్లానింగ్ బోర్డు విచారణ మరో రెండు వారాల్లో ఉంది. కాలనీలో 140 సంతకాలు సేకరించాం. మేయరు కూడా ఆ బోర్డులో సభ్యుడే కాబట్టి ముందుగా కలిసి చెప్పుకుందామని కొందరు అంటున్నారు. మేము హెచ్-1బీ వీసా మీద ఉన్నాం, మాకు మాట్లాడే హక్కు ఉందా? పక్కనే అదే జోన్‌లో ఇంకో ఖాళీ స్థలం కూడా ఉంది. ఈ గోదామును ఆపగలమా?

జవాబు: వీసా సంగతి ముందు తేల్చేస్తాను. మీరు నిస్సందేహంగా మాట్లాడవచ్చు. ఇలాంటి విచారణలన్నీ న్యూజెర్సీ రాష్ట్రం 1975లో చేసిన మునిసిపల్ భూవినియోగ చట్టం కింద జరుగుతాయి. అందులో పౌరసత్వం ప్రసక్తే లేదు. మీ ఆస్తిని వాడుకునే, అనుభవించే హక్కుకు భంగం కలిగే అవకాశం ఉంటే చాలు, చట్టం మిమ్మల్ని ఈ వ్యవహారంతో సంబంధం ఉన్న పక్షంగా గుర్తిస్తుంది. ఆ స్థలానికి 200 అడుగుల లోపు ఆస్తి ఉన్న ప్రతి యజమానికీ విచారణకు కనీసం 10 రోజుల ముందు నోటీసు అందాలన్నది కూడా ఆ చట్టమే. మీకు పోస్టు వచ్చింది అందుకే. వీసా భయంతో వెనుక వరుసలో కూర్చుని నోరు తెరవకుండా ఇంటికి వెళ్లిపోయే మనవాళ్లను చూస్తే నాకు ఎంతో బాధ కలుగుతుంది.

ఇక గోదాము విషయం. మీ కాలనీవాళ్లు ఈ విచారణను ఒక రకమైన ఓటింగు అనుకుంటున్నట్టున్నారు. ఎక్కువ మంది వద్దంటే బోర్డు కూడా వద్దంటుందన్న ఆశతో సంతకాలు సేకరించారు. కానీ ప్లానింగ్ బోర్డు ఇలాంటి దరఖాస్తు విన్నప్పుడు దాదాపు న్యాయస్థానంలా వ్యవహరించాలి. ఆ స్థలంలో ఏం కట్టవచ్చో టౌన్‌షిప్ జోనింగ్ ఆర్డినెన్సు ముందే చెప్పేసింది. ఆర్డినెన్సు చేసింది ఎన్నికైన కౌన్సిలు. బోర్డు పని, వచ్చిన ప్లాను ఆ నిబంధనలకు సరిపోతుందా లేదా అని చూడటం. గోదాము ఆ జోన్‌లో అనుమతి ఉన్న వినియోగమైతే, ఇరుగుపొరుగు ఇష్టపడటం లేదన్న కారణంతో బోర్డు దాన్ని తిరస్కరించలేదు. తిరస్కరించినా కోర్టులో నిలవదు.

ట్రాఫిక్ వాదన కూడా మీరు అనుకున్నంత దూరం వెళ్లదు. డంకిన్ డోనట్స్‌కూ నార్త్ బ్రన్స్‌విక్ ప్లానింగ్ బోర్డుకూ మధ్య జరిగిన కేసులో 1984లో అప్పీలు కోర్టు ఈ సంగతి తేల్చింది. స్థలంలోకి వాహనాలు ఎలా వస్తాయి, ఎలా బయటికి వెళ్తాయి, అక్కడ ప్రమాదం ఉందా అన్నది బోర్డు పరిశీలించవచ్చు. అనుమతి ఉన్న వినియోగాన్ని బయటి రోడ్డు మీద రద్దీ పెరుగుతుందన్న కారణంతో మాత్రం కొట్టేయలేదు. కాబట్టి "మా రోడ్డు ఇప్పటికే కిక్కిరిసిపోయింది" అని ఇరవై మంది వరుసగా చెప్పడం కన్నా, "ట్రెయిలరు లారీ ఈ గేటులోంచి కుడివైపు తిరగాలంటే స్కూలు బస్సు ఆగే చోటికి వచ్చేస్తుంది" అని ఒక్కరు ప్లాను మీద వేలు పెట్టి చూపించడం మేలు.

ఇప్పుడు మీ నోటీసులో నాకు బలంగా కనిపించిన విషయం చెబుతాను. ఎత్తు. 40 అడుగులకు బదులు 48 అడుగులు అడుగుతున్నారు. ప్రధాన భవనం ఎత్తు, జోన్‌లో అనుమతించిన గరిష్ఠ ఎత్తును 10 అడుగులు గానీ 10 శాతం గానీ మించితే, దాన్ని చట్టం మామూలు వేరియెన్సుగా చూడదు. జోన్‌లో లేని వినియోగాన్ని కోరడంతో సమానమైన వర్గంలో పెడుతుంది. వాడుకలో దీన్ని డి వేరియెన్సు అంటారు. 40 అడుగుల్లో 10 శాతం అంటే 4 అడుగులు. వాళ్లు అడిగింది 8 అడుగులు. డి వేరియెన్సు ఇచ్చే అధికారం ప్లానింగ్ బోర్డుకు లేదు, జోనింగ్ బోర్డు ఆఫ్ అడ్జస్ట్‌మెంట్ అనే వేరే బోర్డుకు ఉంది. అక్కడ మామూలు మెజారిటీ చాలదు, 5 ఓట్లు అనుకూలంగా పడాలి. అంటే నోటీసులో ఉన్నదే నిజమైతే, దరఖాస్తు వెళ్లాల్సిన బోర్డు ముందుకు వెళ్లలేదు.

ఈ అభ్యంతరాన్ని విచారణ మొదలవగానే, సాక్ష్యం ఏదీ వినకముందే లేవనెత్తాలి. బోర్డు అటార్నీకి ముందే ఉత్తరం రాయడం ఇంకా మంచిది. దీంతో గోదాము ఆగిపోతుందని మాత్రం అనుకోవద్దు. దరఖాస్తుదారుడు ఎత్తును 44 అడుగుల లోపుకి తగ్గించి అదే బోర్డు ముందుకు రావచ్చు. అయినా మీ పెరట్లోంచి కనిపించే గోడ నాలుగడుగులు తగ్గుతుంది, మీరు సిద్ధమవడానికి కొంత సమయం దొరుకుతుంది.

బఫర్ విషయం వేరు. అది మామూలు వేరియెన్సు, వాడుకలో సి వేరియెన్సు అంటారు, ప్లానింగ్ బోర్డే ఇవ్వగలదు. దాని కోసం దరఖాస్తుదారుడు రెండు దారుల్లో ఒకటి రుజువు చేయాలి. ఆ స్థలం ఆకారం వల్లో, వాలు వల్లో, అలాంటి మరో ప్రత్యేక కారణం వల్లో నిబంధన పాటించడం కష్టమని చూపాలి. లేదా నిబంధన సడలిస్తే కలిగే మేలు నష్టం కన్నా స్పష్టంగా ఎక్కువని చూపాలి. ఏ దారిలో వెళ్లినా, ప్రజాహితానికి గణనీయమైన చేటు జరగదని, జోనింగ్ ఉద్దేశం దెబ్బతినదని కూడా నిరూపించాలి. ఈ భారం వాళ్ల మీదే ఉంటుంది, మీ మీద కాదు. చదునైన మొక్కజొన్న చేనులో 100 అడుగులు వదలలేకపోవడానికి కారణం ఏమిటి? భవనాన్ని కాస్త చిన్నది చేస్తే సరిపోతుందా? ఈ రెండు ప్రశ్నలు వాళ్ల ప్లానరును ప్రమాణం మీద అడగండి. గోదాము అవసరం కన్నా పెద్దగా వేసుకోవడం వల్ల వచ్చిన ఇబ్బందిని చట్టం ఇబ్బందిగా లెక్కించదు. ఈ విచారణలో మీరు గెలవగలిగేది, గెలవాల్సింది బఫర్‌లో వాళ్లు తగ్గించమంటున్న ఈ 40 అడుగుల గురించేనని నా అభిప్రాయం. పొద్దున లారీ వెనక్కి వచ్చేటప్పుడు మోగే శబ్దం మీ పడకగదికి వినిపిస్తుందా లేదా అన్నది ఆ దూరమే నిర్ణయిస్తుంది.

అడిగే హక్కు మీకు ఉందా అంటే, ఉంది. బోర్డు ముందు సాక్షులందరూ ప్రమాణం చేసి మాట్లాడాలి. వాళ్లను మీరు అటార్నీ ద్వారా గానీ స్వయంగా గానీ ప్రశ్నించవచ్చు. ప్రతి సాక్షి వాంగ్మూలం అయ్యాక చైర్మన్ "ప్రజల నుంచి ప్రశ్నలున్నాయా?" అని అడుగుతారు. అప్పుడు ప్రశ్నలే అడగాలి, ప్రసంగం చేయకూడదు. మీ అభిప్రాయం చెప్పే ఘట్టం తర్వాత విడిగా వస్తుంది. ఈ తేడా తెలియక మధ్యలో కూర్చోబెట్టించుకున్నవాళ్లు ఎందరో.

సంతకాల సంగతి. దయచేసి వాటి మీద ఆధారపడకండి. సంతకం పెట్టిన మనిషి ఎదురుగా లేకపోతే అతన్ని అవతలి పక్షం ప్రశ్నించలేదు కాబట్టి ఆ కాగితానికి సాక్ష్యంగా విలువ ఉండదు. ఉత్తరాలకూ ఈమెయిళ్లకూ ఇదే వర్తిస్తుంది. మన రాష్ట్రాల్లో మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరం రాసిచ్చి రశీదు తీసుకోవడం అలవాటైనవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. ఇక్కడ మనిషి హాజరై ప్రమాణం చేసి చెప్పాలి. ఇంకో మెలిక కూడా ఉంది. "నేను 140 కుటుంబాల తరఫున మాట్లాడుతున్నాను" అంటే అటార్నీ కాని మీకు ఒప్పుకోరు. ఎవరికి వారే మాట్లాడాలి. హోమ్ ఓనర్స్ అసోసియేషన్ పేరుతో అభ్యంతరం చెప్పాలంటే అటార్నీ ఉండాల్సిందే.

కాబట్టి ఆ 140 మందిలో కళ్లారా చూసింది చెప్పగలిగిన ఏడెనిమిది మందిని ఎంచుకోండి. 2021 సెప్టెంబరు 1న ఐడా తుపాను అవశేషాలు న్యూజెర్సీని ముంచెత్తిన రాత్రి ఆ చేనులోంచి నీళ్లు ఎవరి బేస్‌మెంటులోకి వచ్చాయి? ఆ ఇంటాయన వచ్చి, తాను తీసిన ఫొటోలు ప్రింటు వేయించి తెచ్చి, ఏ రోజు ఎక్కడ నిలబడి తీశారో చెప్పాలి. ఆ ప్రింటు మీద బోర్డు కార్యదర్శి నంబరు వేసి రికార్డులో పెట్టుకుంటారు. ఫోను తెర పైకెత్తి చూపిస్తే అది రికార్డులోకి ఎక్కదు. వరద నీటి అంచనాలకు రాష్ట్రం 2023లో నిబంధనలు కఠినం చేసింది. వాళ్ల డ్రైనేజీ రిపోర్టు ఏ వర్షపాతం లెక్కలతో వేశారో వాళ్ల ఇంజనీరును అడగండి. ఇళ్ల విలువ పడిపోతుందన్న మాట మాత్రం మీరు చెబితే నిలవదు, దానికి అర్హత ఉన్న నిపుణుడు కావాలి.

ఇవన్నీ అడగాలంటే ముందు ప్లాను చూడాలి. విచారణకు కనీసం 10 రోజుల ముందు నుంచి దరఖాస్తు, మ్యాపులు ప్రజలు చూడటానికి టౌన్‌షిప్ కార్యాలయంలో అందుబాటులో ఉండాలి. ఒక రోజు సెలవు పెట్టి వెళ్లండి. లైటింగు ప్లాను, లారీల్లో సరుకు ఎక్కించి దించే డాకుల దిశ, జనరేటరు స్థానం, ప్రహరీ ఎత్తు, చెట్ల జాబితా చూడండి. లారీ డాకులు మీ ఇళ్ల వైపు ఉంటే వాటిని అటువైపుకి తిప్పమని అడగడం బఫర్ అంత ముఖ్యమైన కోరిక. రాష్ట్ర శబ్ద నిబంధనల ప్రకారం వాణిజ్య, పారిశ్రామిక స్థలం నుంచి నివాస స్థలానికి చేరే శబ్దం పగలు 65 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు 50 డెసిబెల్స్ మించకూడదు. ఇంజను ఆన్‌లో ఉంచి ఊరికే లారీ నిలపడానికి 3 నిమిషాలే పరిమితి. "ఈ 50 డెసిబెల్స్ ఎలా పాటిస్తారు? శబ్ద నిపుణుడి నివేదిక ఉందా?" అని అడిగితే, లేదన్న జవాబు కూడా మీకు ఉపయోగమే. శబ్దం అడ్డుకునే గోడకూ, రాత్రి కొన్ని డాకులు మూసేయడానికీ దరఖాస్తుదారుడు ఒప్పుకుంటే, ఆ హామీ మాటల్లో వదిలేయకుండా తీర్మానంలో షరతుగా రాయించమని చైర్మన్‌ను కోరండి. ఇలాంటి దరఖాస్తుల్లో ఇరుగుపొరుగుకు నిజంగా దక్కేది చాలావరకు ఈ షరతుల రూపంలోనే.

మేయరును ముందుగా కలవడం వద్దే వద్దు. ఆయన బోర్డులో ఉన్న మాట నిజమే. మేయరు లేదా ఆయన ప్రతినిధి, ఒక మునిసిపల్ అధికారి, ఒక కౌన్సిలు సభ్యుడు, మిగతా స్థానాల్లో మామూలు పౌరులు ఉండేలా చట్టమే కూర్పు నిర్ణయించింది. కానీ పెండింగులో ఉన్న దరఖాస్తు గురించి బోర్డు సభ్యుడితో విడిగా మాట్లాడితే ఆయన తప్పుకోవాల్సి రావచ్చు. ఆయన ఓటు వేస్తే, ఆ నిర్ణయం మీకు అనుకూలంగా ఉన్నా సరే, అవతలివాళ్లు దాన్నే పట్టుకుని కోర్టుకు వెళ్తారు. పార్కింగులో ఆపి మాట్లాడటం, వాట్సాప్ సందేశం పంపడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

జనం కోపానికి బోర్డు తలవంచితే ఏమవుతుందో న్యూజెర్సీలోనే ఉన్న బెర్నార్డ్స్ టౌన్‌షిప్ అనుభవం చెబుతుంది. అక్కడ ఒక మసీదు దరఖాస్తు మీద ప్లానింగ్ బోర్డు 39 విచారణలు జరిపి 2015లో తిరస్కరించింది. ప్రార్థనా స్థలాలను కాపాడే 2000 నాటి ఫెడరల్ చట్టం కింద కేసులు పడ్డాయి. 2017లో టౌన్‌షిప్ 32.5 లక్షల డాలర్లకు రాజీపడి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. మీది గోదాము, ఆ చట్టం దీనికి వర్తించదు. కానీ మన గుళ్లు కూడా రేపు ఇవే బోర్డుల ముందుకు వెళ్తాయి. నిబంధన ప్రకారం తేల్చండి, గుంపును చూసి కాదు అని అప్పుడు మనమే అడుగుతాం.

విచారణ ఒక్క రాత్రిలో ముగియకపోవచ్చు. రాత్రి పది దాటాక "ఫలానా తేదీకి వాయిదా" అని ప్రకటిస్తే అదే నోటీసు, మళ్లీ పోస్టు రాదు. చివరిదాకా కూర్చునే మనిషి ఒకరు మీ తరఫున ఉండాలి. ఓటు అయ్యాక బోర్డు కారణాలతో రాతపూర్వక తీర్మానం ఆమోదిస్తుంది. ఆ నిర్ణయం గురించి అధికారిక నోటీసు ప్రచురించిన రోజు నుంచి 45 రోజుల్లో సుపీరియర్ కోర్టుకు వెళ్లాలి. అక్కడ కొత్త సాక్ష్యం వినరు, బోర్డు ముందున్న రికార్డునే చూస్తారు. నిర్ణయం నిరంకుశంగానో అహేతుకంగానో ఉంటే తప్ప మార్చరు. అందుకే ఖర్చు పెట్టే స్తోమత ఉంటే అప్పీలు కోసం దాచుకోకండి. పది కుటుంబాలు కలిసి ఇప్పుడే భూవినియోగ అటార్నీని, ఒక ప్లానరును పెట్టుకోండి.

చివరగా ఆ పక్క స్థలం. దాని విషయంలో మీకు ఇంకా సమయం ఉంది, కానీ ప్లానింగ్ బోర్డు విచారణ అయ్యేదాకా ఆగకండి. 2011 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం దరఖాస్తు వేసిన రోజున ఉన్న ఆర్డినెన్సే దానికి వర్తిస్తుంది, తర్వాత మార్చినా లాభం లేదు. కాబట్టి దరఖాస్తు పడకముందే కౌన్సిలు సమావేశానికి వెళ్లి ఆ జోన్‌లో గోదాములను తీసేయాలని, కనీసం బఫర్ పెంచాలని అడగండి. ఇక్కడ మీ 140 సంతకాలకు విలువ ఉంటుంది, మేయరును కలవడంలో కూడా తప్పు లేదు. అది చట్టం చేసే పని, తీర్పు చెప్పే పని కాదు. టౌన్‌షిప్ కనీసం 10 ఏళ్లకోసారి మాస్టర్ ప్లాన్‌ను పునఃపరిశీలించాలి. మీ టౌన్‌షిప్‌లో అది చివరిసారి ఎప్పుడు జరిగిందో బోర్డు కార్యదర్శిని అడిగి, తర్వాతి పరిశీలన తేదీలు తెలుసుకోండి.