పాస్‌పోర్టులో ఒక పేరు, గ్రీన్‌కార్డులో మరో పేరు

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటున్నాము. నా భారతీయ పాస్‌పోర్టు పుట్టింటి ఇంటిపేరుతోనూ, గ్రీన్‌కార్డు అత్తింటి ఇంటిపేరుతోనూ ఉన్నాయి. తమ్ముడి పెళ్లికి హైదరాబాద్ వెళ్లి రావడంలో ఇబ్బంది ఉంటుందా?

జవాబు: నిశ్చింతగా పెళ్లికి వెళ్లిరండమ్మా, కానీ కాగితాల విషయంలో అశ్రద్ధ పనికిరాదు. రానూపోనూ టికెట్టును పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే, అక్షరం తేడా లేకుండా కొనండి. అసలు చిక్కు తరచుగా వచ్చేది తిరుగు ప్రయాణంలో, శంషాబాద్‌లోని విమానసంస్థ కౌంటరు దగ్గర. ఎందుకంటే అమెరికాలో ప్రవేశించడానికి తగిన పత్రాలు ఉన్నాయో లేదో విమానం ఎక్కించే ముందు వారే చూస్తారు. అక్కడ చూపడానికి సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చిన వివాహ ధ్రువపత్రం అసలు ప్రతి మీ చేతిసంచిలోనే ఉండాలి. అందులో మీ పుట్టింటి ఇంటిపేరు, మీ వారి ఇంటిపేరు రెండూ ఉంటాయి కనుక, ఆ రెండు పేర్లూ ఒకరివేనని అది చెబుతుంది. శుభలేఖ, పెళ్లి ఫొటోలు ఇందుకు చాలవు. పాత పేరుతో ఉన్న వీసా పేజీల నకళ్లు కూడా ఉంచుకోండి.

శాశ్వత పరిష్కారంగా నా సలహా పాస్‌పోర్టునే మార్పించుకోవడం. అమెరికాలో ఆ దరఖాస్తులను భారత రాయబార కార్యాలయం తరఫున వీఎఫ్‌ఎస్ అనే సంస్థ కేంద్రాలు స్వీకరిస్తాయి. పుట్టింటి పేరే ఉంచుకోదలిస్తే, గ్రీన్‌కార్డు మార్పునకు ఐ-90 ఫారం పెట్టాలి. దానికి చట్టబద్ధమైన ఆధారం అడుగుతారు. ఏదైనా సరే, పెళ్లికి ముందు మొదలుపెట్టకండి, ఆ పని మధ్యలో ఉండగా ప్రయాణం నిలిచిపోవచ్చు.