వేషంలో తిట్టావా, నిజంగానే తిట్టావా?

ఆటల పేజీకి ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు రోల్‌ప్లే చుట్టూనే తిరిగాయి. పింగ్ గొడవలు, గ్రాఫిక్ కార్డు ధరలు వచ్చేసారికి పెట్టి ఇవన్నీ ఒకచోట వేస్తున్నాం. రోల్‌ప్లే అలవాటు లేనివాళ్ల కోసం ఒక్క ముక్క: ఆటలో ఒక పాత్ర కట్టి అలాగే మాట్లాడటమే రోల్‌ప్లే, పొట్టిగా ఆర్‌పీ. పాత్రగా మాట్లాడుతుంటే ఐసీ, పాత్ర బయటికొచ్చి మామూలు మనిషిగా మాట్లాడితే ఓఓసీ. కింద ఉన్న తగువులన్నీ ఈ రెండూ కలిసిపోవడం వల్ల వచ్చినవే.

అన్నా, జీటీఏ ఫైవ్‌లో ఫైవ్‌ఎమ్ అనే మోడ్ మీద నడిచే ఒక తెలుగు ఆర్‌పీ సర్వర్‌లో పోలీసు పాత్ర వేస్తున్నా. మొన్న రాత్రి రెడ్ లైట్ దాటిన కారు ఆపి, "ఏంట్రా, కళ్లు నెత్తికెక్కాయా? దిగు కిందకి" అన్నా. నా పాత్రే అలాంటి కోపిష్టి ఎస్సై. వాడు దిగకుండా మైక్‌లో నన్నూ మా ఇంట్లోవాళ్లనూ కలిపి తిట్టి, గేమ్ లోంచి వెళ్లిపోయి, డిస్కార్డ్‌లో అడ్మిన్‌కి నా మీదే కంప్లైంట్ పెట్టాడు. నేను పాత్రలో ఉన్నానని వాడికి ఎలా తెలియాలి? ప్రతిసారీ "ఇది యాక్టింగ్ బ్రో" అని మొదలెడితే ఇంకేం మజా?
— ఎస్సై గారు (సర్వర్‌లో మాత్రమే), విజయవాడ

తమ్ముడూ, యూనిఫాం ఉంది, జీపు ఉంది, పైన లైట్లు తిరుగుతున్నాయి, ఇంకా చెప్పేదేముందని నువ్వు అనుకున్నావు. అవన్నీ వాడి కంటికి కనిపించాయి, నిజమే. చెవికి మాత్రం ముక్కూమొహం తెలియని కుర్రాడెవడో అర్ధరాత్రి హెడ్‌సెట్‌లో "ఏంట్రా" అన్నట్టే వినిపించింది. మన తెలుగు సర్వర్లలో ఈ తంటా మరీ ఎక్కువ. ఇంగ్లీషు సర్వర్‌లో పోలీసు ఎంత కరుగ్గా మాట్లాడినా ఎదుటివాణ్ని పిలిచే మాట మారదు, మనకి "అండి" తీసేసి "రా" పెట్టగానే వినేవాడికి చెయ్యి పడినట్టే ఉంటుంది, అది ఆట అని గుర్తొచ్చేలోపే రక్తం ఉడికిపోతుంది. పల్లెల్లో పగటివేషాల వాళ్లు పోలీసు వేషం కట్టి ఇంటిముందుకొచ్చి దబాయించినా జనం నవ్వేవాళ్లంటే, వెనకే హార్మోనియం, తాళాలు వచ్చేవి కాబట్టి. నీ వెనక అవేం లేవు.

అందుకని మొదటి మాటలోనే పాత్రని పరిచయం చేసెయ్. "బండి పక్కకి పెట్టండి. మిషన్ రో స్టేషన్ ఎస్సైని. లైసెన్సు చూపించండి" అను. ఆటలోని ఊరు లాస్ శాంటోస్, అక్కడి స్టేషన్ మిషన్ రో అన్నాక అవి విజయవాడ కుర్రాడి మాటలు కావని వినేవాడికి అర్థమైపోతుంది. అక్కణ్నుంచి వాడేం అంటాడో విను. "సార్ సార్, మా ఆవిడకి నొప్పులొస్తున్నాయి సార్, హాస్పిటల్‌కి పోతున్నా" అన్నాడంటే వాడూ వేషం కట్టేసినట్టే, ఇక నువ్వు "రా"కి దిగినా వాడు కాళ్లు పట్టుకుంటాడు తప్ప అడ్మిన్ దగ్గరికి పోడు. "ఏంటి బ్రో, రేస్ ఎక్కడ?" అన్నాడంటే మాత్రం వాడింకా మామూలు జీటీఏ ఆన్‌లైన్ మూడ్‌లోనే ఉన్నాడు. అలాంటివాడి మీద కోపిష్టి ఎస్సైని వదలొద్దు.

రెండోది, చాట్‌లో స్లాష్ మి (/me), స్లాష్ డు (/do) కమాండ్లు వాడు. చాలా ఆర్‌పీ సర్వర్లలో స్లాష్ మి కొట్టి రాసింది నీ బొమ్మ తల మీద తేలుతుంది. ఇదేం కొత్తది కాదు, 1988లో ఫిన్లాండ్‌లో పుట్టిన ఐఆర్‌సీ చాట్‌లో వాడిన కమాండే ఇక్కడిదాకా వచ్చింది. "టార్చ్ వేసి కారు వెనక సీటు వైపు చూస్తాడు" అని ఒక్క లైను పడితే చాలు, ఇక్కడ సీన్ నడుస్తోందని రోడ్డు మీద పోయేవాడికి కూడా తెలిసిపోతుంది. స్లాష్ డు పరిస్థితి చెప్పడానికి, లేదా అడగడానికి: "వెనక సీటులో ఏమైనా కనిపిస్తోందా?" అంటే అవతలివాడు "నల్ల సంచి ఒకటి, జిప్ సగం తెరిచి ఉంది" అని రాస్తాడు. సీన్ మీ ఇద్దరిదీ అయిపోయింది చూడు. ఒక జాగ్రత్త, "బేడీలు వేసి జీపులో పడేస్తాడు" అని రాయకు, "బేడీలు వేయబోతాడు" అని ఆపు. వేయించుకోవడమా, చెయ్యి విదిలించుకోవడమా అన్నది వాడి ఇష్టం. వాడి వంతు కూడా నువ్వే ఆడేస్తే దాన్ని పవర్‌గేమింగ్ అంటారు, చాలా సర్వర్లలో వార్నింగ్ పడుతుంది.

ఇంత చేసినా వాడి గొంతులో నిజం కోపం వినిపిస్తే ఆపి డబుల్ బ్రాకెట్లో ఒక్క ముక్క రాయి: ((బ్రో, పాత్రలోనే తిడుతున్నా, ఓకేనా? లేకపోతే తగ్గిస్తా)). పాత జీటీఏ శాన్ ఆండ్రియాస్ మల్టీప్లేయర్ రోజుల్లో దీనికి స్లాష్ బి (/b) ఉండేది, ఇప్పుడు మీ సర్వర్‌లో ఏముందో రూల్స్ ఛానల్‌లో ఉంటుంది చూసుకో. దీంతో మజా పోతుందని నాకనిపించదు. అరక్షణం పని. అప్లికేషన్ చూసి లోపలికి పంపే వైట్‌లిస్ట్ సర్వర్‌లో అయితే దీని అవసరం తక్కువ, ఎవరైనా దూరిపోయే పబ్లిక్ సర్వర్‌లో తప్పదు.

ఇక వాడు మీ ఇంట్లోవాళ్లని తిట్టడం ఏ పాత్రలోనూ భాగం కాదు. క్లిప్ ఉంటే అడ్మిన్‌కి పెట్టు.

యూరప్‌లో చదువుకుంటున్నా. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఆర్జెంట్ డాన్ రోల్‌ప్లే సర్వర్ అని విని చేరా. ఎవరు పాత్రలో ఉన్నారు, ఎవరు ఊరికే క్వెస్టులు చేసుకుంటున్నారు అన్నది ఎలా కనిపెట్టాలి?
— కొత్త మాంత్రికుడు, బెర్లిన్

కాళ్లు చూడండి. ఊళ్లో అందరూ పరుగెడుతుంటే ఒకడు తాపీగా నడుస్తున్నాడంటే నూటికి తొంభై పాళ్లు పాత్రలోనే ఉన్నాడు. నంబర్ ప్యాడ్ మీదున్న స్లాష్ (/) మీట నొక్కితే మీరూ నడకలోకి మారతారు. పబ్‌లో కుర్చీ చూసుకుని కూర్చునేవాళ్లు, దగ్గరున్నవాళ్లకే కనిపించే 'సే' చాట్‌లో మాట్లాడేవాళ్లు కూడా అదే బాపతు.

1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో దీనికో కమాండే ఉండేది, రోల్‌ప్లే అని కొడితే పేరు రంగు మారేది. 2004లో వచ్చిన వార్‌క్రాఫ్ట్‌లో అలాంటి గుర్తు లేదు, దాంతో ఆడేవాళ్లే యాడ్ఆన్‌లు, అంటే ఆటకి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, రాసుకున్నారు. ఇప్పుడు ఎక్కువమంది వాడేది టోటల్ ఆర్‌పీ త్రీ. అందులో మీ పాత్ర రూపురేఖలు, ప్రస్తుతం ఐసీనా ఓఓసీనా అన్నది పెట్టుకోవచ్చు. మౌస్ పెడితే అవతలివాళ్లకి కనిపిస్తుంది, కాకపోతే వాళ్ల దగ్గరా అలాంటి యాడ్ఆన్ ఉండాలి. ప్రొఫైల్లో మీ తాతముత్తాతల చరిత్రంతా నింపకండి, ఎవరూ చదవరు. చొక్కా మీద రక్తం మరక, కుంటి కాలు, మెడలో విరిగిన పతకం లాంటివి రాస్తే ఎవరో ఒకరు "ఆ కాలికేమైంది?" అని అడుగుతారు, అక్కణ్నుంచి కథ అదే నడుస్తుంది.

ఆర్‌పీ సర్వర్‌లో నాది నర్సు పాత్ర. ఒక ప్లేయర్ రోజూ వచ్చి ప్రేమ డైలాగులు కొడతాడు. పాత్రగానే చాలాసార్లు ఛీ కొట్టా. ఓఓసీలో ఆపమంటే "నేను పాత్రలో ఉన్నా, నువ్వెందుకు పర్సనల్‌గా తీసుకుంటున్నావ్" అంటున్నాడు. నాదే తప్పేమో అనిపిస్తోంది.
— పేరు వద్దు, హైదరాబాద్

మీ తప్పు అణువంత కూడా లేదు. పాత్రగా మీరు ఛీ కొట్టినప్పుడు అతను దాన్ని కథలో మలుపు అనుకున్నాడనే అనుకుందాం, ఆ మాత్రం అవకాశం ఇద్దాం. ఓఓసీలో ఆపమన్నాక ఆ సాకు చెల్లదు. వేషం ఉన్నది ఇద్దరూ ఒప్పుకున్న కథ కోసం, ఒకరు ఒప్పుకోనప్పుడు అతను చేస్తున్నది మామూలు వేధింపే, పేరేదైనా పెట్టుకోనీ.

ఇంకోసారి మాత్రం చెప్పండి, రాతలో, సూటిగా: "ఇది ఓఓసీ. నీ పాత్రతో రొమాన్స్ సీన్లు నాకు వద్దు. ఇక నా దగ్గరికి రావద్దు." సారీలు, నవ్వు ఎమోజీలు ఏవీ పెట్టకండి, వాటిని పట్టుకుని లాగుతాడు. స్క్రీన్‌షాట్ తీసుకుని అడ్మిన్‌కి పంపండి, బ్లాక్ చేయండి. అడ్మిన్ కూడా "కథలో భాగమే కదా" అంటే ఆ సర్వర్ వదిలెయ్యండి, మీ నర్సుకి వేరేచోట ఉద్యోగం దొరుకుతుంది. కొత్త సర్వర్‌కి వెళ్లాక పాత్ర వివరాల్లోనే 'రొమాన్స్ సీన్లు వద్దు' అని రాసుకోండి. పెద్దవాళ్లు నడిపే మంచి సర్వర్లలో ఇలా రాయడం మామూలే, ఎవరూ వింతగా చూడరు. అసలు బాధ్యత మాత్రం అతనిదే, మీరు బోర్డు పెట్టలేదని కాదు.

బీజీఎంఐ (మన పబ్జీ) లాబీలో రాయలసీమ ఫ్యాక్షనిస్టు పాత్ర చేస్తుంటే టీమ్‌మేట్లు మ్యూట్ చేసేస్తున్నారు. సిగ్నల్ ఎలా ఇవ్వాలి?
— సీమ సింహం, నెల్లూరు

మ్యూట్ చేసి మంచి పని చేశారు. వాళ్లొచ్చింది చికెన్ డిన్నర్ కోసం, అంటే గెలుపు కోసం, జోన్ ముంచుకొస్తుంటే నీ తొడగొట్టుడు ఎవరు వింటారు? తెలిసిన నలుగురితో స్క్వాడ్ కట్టి ఆడుకో, వాళ్లూ సరే అంటే.

మా అబ్బాయి ఇంటర్. రాత్రిళ్లు గదిలో తలుపేసుకుని "డబ్బులు రేపటికల్లా రాకపోతే నీ సంగతి చూస్తా" అని ఎవర్నో బెదిరిస్తుంటాడు. అడిగితే "గేమ్ మమ్మీ, క్యారెక్టర్" అంటాడు. నమ్మాలా? నాకు టెన్షన్‌గా ఉంది.
— ఒక అమ్మ, హనుమకొండ

నిజమే అయ్యుంటుందమ్మా, ఆ డైలాగు వింటే వడ్డీ వ్యాపారి పాత్రలా ఉంది. ఒక సాయంత్రం పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి, తిట్టడానికి కాకుండా చూడటానికి. "నీ పాత్ర పేరేంటి, వాడేం పని చేస్తాడు, ఎదుటివాడెవరు?" అని అడగండి. నిజంగా పాత్ర వేస్తున్న పిల్లాడైతే ఆపమన్నా ఆపకుండా చెబుతాడు, మీకే విసుగొస్తుంది.

మీరు కనిపెట్టాల్సింది ఇంకొకటి ఉంది. అవతలివాడు ఆటలో డాన్ అయినా డాక్టరైనా సరే, అబ్బాయి అసలు వయసు, ఫోన్ నంబరు, ఫొటో, కాలేజీ పేరు, యూపీఐ అడిగాడంటే అవి పాత్రకి అవసరమైనవి కావు. అది ఒక్కటీ మీవాడికి బుర్రలో పడేలా చెప్పండి. చాలా సర్వర్లు పద్దెనిమిది నిండినవాళ్లకే అని రాసుకుంటాయి, మీవాడు చేరినది ఏదో కూడా ఓసారి చూడండి.

ఫైనల్ ఫాంటసీ ఫోర్టీన్‌లో ఆన్‌లైన్ స్టేటస్‌లో రోల్‌ప్లేయింగ్ గుర్తు పెట్టుకుని తిరుగుతున్నా. ఒక్కరూ పలకరించట్లేదు.
— మౌనముని, బెంగళూరు

పేరు పక్కన ఆ బొమ్మ కనిపిస్తే పలకరించినా ఏమీ అనుకోడని తెలుస్తుంది, అంతే. ఏం మాట్లాడాలో అది చెప్పదు. సెర్చ్ కామెంట్‌లో ఒక లైను రాయండి, 'దారి తప్పిన చెఫ్, పని వెతుక్కుంటున్నాడు' లాంటిది. ముందు మీరే పలకరించండి. సర్వర్ కూడా చూసుకోండి, ఉత్తర అమెరికాలో ఆర్‌పీ వాళ్లు ఎక్కువగా చేరేది బాల్మంగ్, మాటియస్‌లలో. బాల్మంగ్‌లో ఉల్దా ఊరి క్విక్‌శాండ్ సత్రం దగ్గర పాత్రధారులు తగలకపోతే ఆశ్చర్యమే.

సీన్ మంచి రసపట్టులో ఉండగా అమ్మ అన్నానికి పిలుస్తుంది, లేదా కరెంటు పోతుంది. తిరిగొచ్చేసరికి "పట్టుబడతావని పారిపోయావ్" అంటున్నారు. ఏం చేయాలి?
— దొంగోడు, కరీంనగర్

దొంగవి కదా, ఆ అనుమానం రావడం సహజం. పట్టుబడే టైముకి కనెక్షన్ తీసేయడాన్ని కాంబాట్ లాగింగ్ అంటారు, దానికి బ్యాన్ కూడా పడొచ్చు. అమ్మ పిలుపుకైతే ముందే ఓఓసీలో ((పది నిమిషాలు, భోజనం)) అని కొట్టి, వాళ్లు సరే అన్నాక లే. పోలీసులు వెంటాడుతున్నప్పుడు మాత్రం అమ్మనే ఆగమను. కరెంటు పోతే చేసేదేం లేదు, ఫోన్ డేటా ఆన్ చేసి సర్వర్ డిస్కార్డ్‌లో వెంటనే ఒక మెసేజ్ పెట్టు, పోలీసు పాత్రవాణ్ని ట్యాగ్ చేసి "కరెంటు పోయింది, వచ్చాక అదే చోట లొంగిపోతా" అని. వచ్చాక నిజంగా అక్కడికే పో.