హాలోవీన్‌కి చాక్లెట్ ప్రెట్జెల్స్: గరిట తడిగా ఉండకూడదు

"అక్కా, మేం జూన్‌లో డాలస్ వచ్చాం. బాబు కిండర్‌గార్టెన్‌లో చేరాడు. అక్టోబర్ 31న క్లాసులో పార్టీ అట. పక్కింటావిడ దెయ్యాలు, సాలీళ్ల ఆకారంలో చాక్లెట్‌లో ముంచిన స్నాక్స్ చేస్తుంటే చూసి నాకూ ముచ్చటేసింది. చాక్లెట్ చిప్స్ కొని కరిగిస్తే తడి ఇసకలా ముద్దకట్టింది. రెండోసారీ అంతే. పైగా మా అత్తయ్యగారు దెయ్యాల పండుగ మనకెందుకమ్మా అంటున్నారు. ఏం చేయమంటారు?"

చెల్లీ, ముందు ఆ ముద్ద సంగతి చూద్దాం. నీ గరిటకో గిన్నెకో తడి ఉండి ఉంటుంది. మనకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటేంటి? గిన్నె తీస్తే ఒకసారి నీళ్లతో తొలిచి, విదిలించి అప్పుడు వాడతాం. పప్పుకీ పులుసుకీ అదే మంచి పద్ధతి, చాక్లెట్‌కి మాత్రం ఆ విదిలించిన గరిటకి మిగిలిన రెండు చుక్కలే చాలు. చాక్లెట్ అంటే కొవ్వులో కలిసి ఉన్న కోకో పొడి, పంచదార పొడి. అందులో నీటిచుక్క పడగానే ఆ పంచదార తడిసి జిగురెక్కి చుట్టూ ఉన్న పొడినంతా పట్టేసుకుంటుంది. శనగపిండి మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరిస్తే ఉండలు కట్టదూ, అచ్చం అలాగే. నేను వచ్చిన కొత్తలో స్టవ్ మీద గిన్నెలో నీళ్లు మరిగిస్తూ పైన ఇంకో గిన్నె పెట్టి కరిగించేదాన్ని, ఆ ఆవిరి గిన్నె అంచుకి పట్టి లోపలికి జారేది, రెండు ప్యాకెట్లు అలాగే పోయాయి. అలా ముద్దకట్టినదాన్ని మాత్రం పారేయకు. వేడి పాలు కొంచెం కొంచెంగా పోస్తూ కలిపితే మళ్లీ జారుగా అవుతుంది, ఐస్‌క్రీమ్ మీద పోసుకోవచ్చు, పిల్లలకి పాలలో కలిపి ఇవ్వచ్చు. ముంచడానికి మాత్రం ఇక పనికిరాదు.

ఇక ఈసారి చాక్లెట్ చిప్స్ జోలికి పోకు. చిప్స్‌లో కోకో బటర్, అంటే కోకో గింజల కొవ్వు, తక్కువ, కుకీల్లో పెట్టి కాల్చినా ఆకారం చెదరకుండా ఉండాలని అలా చేస్తారు, కాబట్టి కరిగినా చిక్కగానే ఉంటాయి. అసలైన చాక్లెట్ బార్ కొంటే ఇంకో తంటా ఉంది. దాన్ని టెంపరింగ్ చేయాలి, అంటే డార్క్ చాక్లెట్ అయితే 45 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా కరిగించి, 27, 28 దాకా చల్లార్చి, మళ్లీ 31, 32కి తేవాలి. థర్మామీటర్ పెట్టుకుని ఇదంతా చేయకపోతే ఆరాక తెల్లటి చారలు పడతాయి, పట్టుకుంటే వేళ్లకి అంటుకుంటుంది. మొదటిసారికి అంత అవసరం లేదు. క్యాండీ మెల్ట్స్ అని గుండ్రటి బిళ్లలు దొరుకుతాయి, అక్టోబర్‌లో మైకేల్స్, వాల్‌మార్ట్, టార్గెట్ ఎక్కడ చూసినా నారింజ, నలుపు, ఆకుపచ్చ, ఊదా, తెలుపు రంగుల్లో ఉంటాయి. వాటిలో కోకో బటర్‌కి బదులు వేరే కొవ్వు వేస్తారు కాబట్టి టెంపరింగ్ అక్కర్లేదు, కరిగించి ముంచితే అవే గట్టిపడతాయి. రుచిలో అసలు చాక్లెట్‌కి సాటి రావు, ఆ మాట నిజమే. కానీ అయిదేళ్ల పిల్లాడు పక్కన నిలబడి చేస్తానంటుంటే ఇదే సరైనది.

పొడి గుడ్డతో తుడిచిన గాజు గిన్నెలో బిళ్లలు వేసి మైక్రోవేవ్‌లో పవర్ 50 శాతానికి తగ్గించి 30 సెకన్లు పెట్టు, తీసి కలుపు, మళ్లీ 30 సెకన్లు. బిళ్లలు చూడటానికి కరగనట్టే ఉంటాయి, లోపల మెత్తబడి ఉంటాయి, గరిట పెడితే గానీ తెలియదు. ఇంకా కరగలేదని ఒకేసారి రెండు నిమిషాలు పెట్టేస్తే అడుగు మాడుతుంది, తెల్లది మరీ తొందరగా మాడుతుంది. చివర్లో రెండు మూడు బిళ్లలు కరగకుండా ఉన్నప్పుడే ఆపేసి ఆ వేడికే కలిపెయ్. మిరపకాయ బజ్జీల పిండి కన్నా కాస్త జారుగా ఉండాలి. చిక్కగా ఉందనిపిస్తే పాలో నీళ్లో పోస్తావేమో, వద్దు, ఒక చెంచా కొబ్బరినూనె వెయ్. రిఫైన్డ్‌ది అయితే వాసన రాదు.

రంగు కలపాలన్నా ఇదే సూత్రం. కేకులకి వాడే మామూలు ఫుడ్ కలర్‌లో నీళ్లుంటాయి, వేశావంటే మళ్లీ ఇసక ముద్దే. నూనెతో చేసిన క్యాండీ కలర్ అని విడిగా అమ్ముతారు, అదే కావాలి. తెల్లదాన్ని నల్లగా చేయాలని మాత్రం ప్రయత్నించకు, రంగు బోలెడు పోయాలి, చేదెక్కుతుంది, పిల్లల పళ్లూ పెదాలూ నల్లబడతాయి. నలుపు కావాలంటే డార్క్ కోకో బిళ్లలతోనే మొదలుపెట్టు.

ఏది ముంచాలంటే నా ఓటు ప్రెట్జెల్ కడ్డీలకే. గోధుమపిండితో చేసిన ఉప్పటి కరకర కడ్డీలు అవి, చాక్లెట్ తీపికి ఆ ఉప్పు బాగా పొసుగుతుంది. కరిగించినదాన్ని పొడవాటి గాజు గ్లాసులో పోసి కడ్డీని నిలువుగా ముంచు, కింద పట్టుకోవడానికి మూడు వేళ్ల మందం వదిలెయ్. మన స్టీలు గ్లాసు వద్దు, త్వరగా చల్లారిపోతుంది, మళ్లీ వేడి చేద్దామంటే మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. కడ్డీ పైకి తీశాక గ్లాసు అంచుకేసి మెల్లగా తట్టు, ఎక్కువైంది జారిపోతుంది. ఈ తట్టడం మా పాపకి నాలుగేళ్లప్పుడే వచ్చేసింది, ఇప్పటికీ ఆ పని తనదే. పార్చ్‌మెంట్ పేపర్ అని అంటుకోని వంట కాగితం దొరుకుతుంది, దాని మీద పడుకోబెట్టు. పది నిమిషాల్లో గట్టిపడతాయి, పేపర్ మీద నుంచి తేలిగ్గా ఊడొస్తాయి. 12 ఔన్సుల ప్యాకెట్ ఒకటి కరిగిస్తే మా ఇంట్లో 20కి పైగా కడ్డీలు వస్తాయి.

మమ్మీ, అంటే ఒళ్లంతా గుడ్డ చుట్టిన ఈజిప్టు శవం బొమ్మ, చేయాలంటే తెల్లదాంట్లో ముంచి ఆరనివ్వు. మిగిలిన తెల్లదాన్ని జిప్‌లాక్ కవర్లో పోసి మూల దగ్గర సూది మొన అంత కత్తిరించు, ఎక్కువ కత్తిరిస్తే గీతలు లావుగా పడతాయి. కవర్ని కడ్డీకి అడ్డంగా అటూ ఇటూ గబగబా తిప్పు, మధ్యలో ఆగావంటే అక్కడ చుక్క పడుతుంది. గీతలు వంకరటింకరగా పడాలి, కట్టుకట్టిన గుడ్డలా కనిపించేది అప్పుడే. తడి ఆరకముందే పంచదారతో చేసిన రెండు కళ్లు అంటించు, క్యాండీ ఐస్ (candy eyes) అని సీసాల్లో దొరుకుతాయి. ఒక కన్ను కాస్త పైకి, ఒకటి కిందికి పెడితే ఎంత ముద్దొస్తుందో. సాలీడుకి ఓరియోని డార్క్‌లో ముంచి, విరిచిన ప్రెట్జెల్ ముక్కలు కాళ్లుగా పెట్టు. గుమ్మడికాయకి ముడివేసినట్టుండే చిన్న ప్రెట్జెల్‌ని నారింజరంగులో ముంచి పైన ఒక ఆకుపచ్చ ఎం అండ్ ఎం చాక్లెట్ బిళ్ల పెట్టు. స్ట్రాబెర్రీ దెయ్యాలు బాగుంటాయి గానీ పళ్లు కడిగి, పేపర్ టవల్‌తో ఒక్కొక్కటీ తుడిచి, ఇంకో గంట ఆరబెట్టకపోతే చాక్లెట్ పట్టదు, జారిపోతుంది.

ఇప్పుడు స్కూలు. నా మాట గట్టిగా విను, నువ్వు చేసినవి క్లాసుకి పంపకు. మా పాప ఫస్ట్ గ్రేడ్‌లో ఉన్నప్పుడు నేను రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని 24 మమ్మీలు చేసి, ఒక్కోదానికీ రిబ్బన్ కట్టి పంపాను. సాయంత్రం ఆ డబ్బా మూత కూడా తీయకుండా తిరిగొచ్చింది, పాప కారెక్కి ఏడుపు మొదలుపెట్టింది. టీచర్ తప్పేం లేదు. కొన్న ప్యాకెట్లే తేవాలని, వాటి మీద ఇంగ్రీడియెంట్స్ లేబుల్ ఉండాలని ఇంటికి పంపిన కాగితంలో రాసే ఉంది, చదవనిది నేను. చాలా స్కూళ్లలో ఇదే నియమం, కాబట్టి నీ కాగితం ముందు చదువు. వేరుశనగ అలర్జీ ఉన్న పిల్లలకి కాస్త నోట్లో పడినా ప్రాణం మీదికి రావచ్చు. మన వంటింటి సంగతి మనకు తెలుసుగా, పల్లీ చట్నీ చేసిన మిక్సీ జార్, నువ్వులు వేయించిన మూకుడు, జీడిపప్పు డబ్బా అన్నీ ఆ గట్టు మీదే ఉంటాయి. అమెరికాలో నువ్వులని కూడా 2023 జనవరి 1 నుంచి లేబుల్ మీద తప్పక రాయాల్సిన తొమ్మిది అలర్జీ పదార్థాల్లో చేర్చారు. నట్స్ లేవని మనం చేతి మీద చెయ్యేసి చెప్పగలమా? నేనైతే చెప్పలేను. ఇంకోటి, నెట్‌లో ఎక్కువగా కనిపించే తెల్లదెయ్యం బిస్కెట్లు నటర్ బటర్‌తో చేస్తారు, అవి వేరుశనగ బిస్కెట్లే. చూసి ముచ్చటపడి ఎవరి పిల్లలకీ పెట్టెయ్యకు.

క్లాసుకి పెన్సిళ్లో స్టిక్కర్లో పంపు, టీచర్లు సంతోషిస్తారు. సాయంత్రం వేషాలేసుకుని చాక్లెట్ల కోసం ఇంటింటికీ వచ్చి తలుపు తట్టే పిల్లలకీ ఇంట్లో చేసినవి వద్దు, విడిగా చుట్టి ఉన్న చిన్న చాక్లెట్లే ఇవ్వాలి, చుట్టని తినుబండారాలని తల్లిదండ్రులు పారేస్తారు. గుమ్మం ముందు నీలాకుపచ్చ రంగు గుమ్మడికాయ పెట్టిన ఇళ్లు కనిపిస్తాయి. ఫుడ్ అలర్జీ రీసెర్చ్ అండ్ ఎడ్యుకేషన్ అనే సంస్థ 2014లో దేశమంతా తెచ్చిన పద్ధతి అది, ఈ ఇంట్లో తినేవి కాకుండా బొమ్మలూ అవీ కూడా దొరుకుతాయని గుర్తు. నువ్వూ ఒకటి పెట్టుకోవచ్చు. మరి కష్టపడి చేసిన మమ్మీలు ఎవరికంటావా? ఇంట్లో పిల్లలకి, బాగా తెలిసిన స్నేహితుల పిల్లలకి, వాళ్ల అమ్మానాన్నల్ని అడిగాక. నిజానికి చేసేటప్పుడే సగం పండుగ అయిపోతుంది.

మీరు శాకాహారులైతే ఇంకో జాగ్రత్త. మార్ష్‌మాలోల్లో మామూలుగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. మొక్కజొన్న గింజల్లా ఉండే క్యాండీ కార్న్ మిఠాయిలో కూడా మామూలుగా వేస్తారు. జెలటిన్ లేని మార్ష్‌మాలోలు విడిగా దొరుకుతాయి. కార్మైన్ అని రాసి ఉంటే పురుగుల నుంచి తీసిన ఎరుపు, కన్ఫెక్షనర్స్ గ్లేజ్ అంటే లక్కపురుగు నుంచి వచ్చేది. కళ్ల సీసా వెనక కూడా ఒకసారి చదువు.

అత్తయ్యగారి మాట కొట్టిపారేయకు. ఆవిడతో నెమ్మదిగా చెప్పు, ఇది ఐర్లండ్ వైపు పాత కోతల పండుగ నుంచి వచ్చిందని, నవంబర్ 1 క్రైస్తవులకి సర్వ పరిశుద్ధుల దినమని, మర్నాడు పోయినవాళ్లని తలుచుకుంటారని. పితృపక్షం చేసే ఇంటికి పోయినవాళ్లని తలుచుకోవడం కొత్త కాదు. 2024లో దీపావళి కూడా అక్టోబర్ 31నే వచ్చింది. మా వాకిట్లో ప్రమిదలు పెట్టాం, దెయ్యం వేషాల్లో వచ్చిన పిల్లలు ఆగి చూసి ఇదేంటని అడిగితే మా అత్తయ్యే ముందుకొచ్చి చూపించారు. చాక్లెట్ల గిన్నె ఆ రోజు ఆవిడ చేతిలోనే ఉంది. పిల్లలు రావాలంటే పోర్చ్ లైటు వెయ్, ఆపేస్తే రారు, అంతే.

చేసినవి ఫ్రిజ్‌లో పెట్టకు, బయటికి తీయగానే చెమటపట్టి రంగులు మరకలవుతాయి. మూత గట్టిగా పట్టే డబ్బాలో వరసకీ వరసకీ మధ్య పార్చ్‌మెంట్ పరిచి చల్లటి చోట పెట్టు, ప్రెట్జెల్స్ వారం పైనే కరకరలాడతాయి. డాలస్‌లో అక్టోబర్ చివర కూడా మధ్యాహ్నం ఎండ ఉంటుంది, కారులో వదిలేస్తే కళ్లన్నీ జారిపోతాయి. స్ట్రాబెర్రీ దెయ్యాలు మాత్రం ఏ పూటకి ఆ పూటే, 31 సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టు.