‘రన్’ అనే చిన్న ఆంగ్ల పదానికి అన్ని అర్థాలు ఎలా వచ్చాయి?

‘రన్’ అంటే పరుగెత్తడమని బడిలో నేర్చుకున్నవారికి, ముక్కు కారడానికీ, కంపెనీ నడపడానికీ, ఎన్నికల్లో పోటీ చేయడానికీ అదే మాట కనిపిస్తే అయోమయం కలగడం సహజం. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులు దీనికి క్రియగానే 645 అర్థాలు గుర్తించినట్లు 2011లో వార్తలు వచ్చాయి. 1989 నాటి రెండవ కూర్పులో అత్యధిక అర్థాలున్న మాటగా అగ్రస్థానం ‘సెట్’ది.

ప్రాచీన ఆంగ్లంలో దీని మూలధాతువుకు పరుగెత్తడం, ప్రవహించడం అనే రెండు అర్థాలూ ఉండేవి కనుక కుళాయి నీరు, కారే ముక్కు, ఉతికినప్పుడు దిగే బట్ట రంగు ఆ రెండో అర్థం పరిధిలోనివే. యంత్రాలు వచ్చాక అవి ఆడటానికీ, వాటిని ఆడించడానికీ ఇదే మాట స్థిరపడింది. కంప్యూటర్ ప్రోగ్రామ్ ‘రన్’ కావడం ఆ వరుసలోనిదే. క్రికెట్‌లో బ్యాటర్లు వికెట్ల మధ్య పరుగెత్తితే వచ్చిన లెక్కకు ఆ పేరు పెట్టారు, ఇప్పుడు బంతి బౌండరీ దాటితే అడుగు కదపకుండానే నాలుగు ‘రన్లు’ వస్తాయి.

ఇది ఆంగ్లానికే పరిమితమైన వింత కాదు. సినిమా ఆడింది, ఊపిరి ఆడలేదు, పిండి ఆడించాం అని మనమూ ఒకే క్రియతో పని జరుపుకుంటాం.

నేర్చుకునేవారు అర్థాల పట్టికను బట్టీ పట్టవద్దని నా గట్టి సలహా. కర్తనూ, క్రియ వెంట వచ్చే చిన్న మాటనూ గమనించండి: ‘రన్ ఇంటు’ అంటే మనిషి అనుకోకుండా తారసపడటం, పంచదార విషయంలో ‘రన్ అవుట్’ అంటే నిండుకోవడం.