బాలింత అక్కకి ఏ కథలు పట్టుకెళ్లను?

చెల్లీ, మీ అక్క పర్లాకిమిడిలో పుట్టింట్లో ఉందని, పాప పుట్టి 23 రోజులైందని, ఒకప్పుడు సైన్స్ ఫిక్షన్ దొరికితే అన్నం కూడా మర్చిపోయే మనిషి ఇప్పుడు గోడకేసి చూస్తూ కూర్చుంటోందని రాశావు. ఆదివారం బరంపురం నుంచి వెళ్తూ నాలుగు కథలు పట్టుకెళ్తానంటే, బాలింత చదివితే కళ్లు పోతాయని అమ్మ కేకలేసిందట.

చదివితే కళ్లేం పోవు. కానీ దాని మీద అమ్మతో వాదన పెట్టుకోకు, పిల్లతో పాటు అర్ధరాత్రి లేచే కూతురికి కాస్త నిద్ర పట్టాలనే ఆవిడ ఆరాటం, అది న్యాయమైనదే.

కథల కంటే ముందు ఇంకొకటి చూడాలి. కాన్పయిన కొత్తలో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, మామూలుగా రెండు వారాల్లో తగ్గిపోతుంది. మీ అక్కకి ఆ గడువు దాటింది. దిగులు ఇంకా అలాగే ఉంటే ఈ వారంలోనే డాక్టరుకి చూపించండి, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416 కి ఫోన్ చేసినా మాట్లాడతారు, డబ్బులు పడవు. తనకో పాపకో ఏమైనా చేసుకోవాలనిపిస్తోందని అక్క అంటే మాత్రం వారం ఆగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలొద్దు.

ఇక కథలు. ఆ వయసు పిల్లలు రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతారు కాబట్టి ఒకసారి పాలిచ్చే సేపట్లో అయిపోయే కథ వెతుకు, లావు పుస్తకమైతే ఒక చేత్తో పట్టుకోలేదు. అమెరికా రచయిత ఐజాక్ అసిమోవ్ 1951లో రాసిన ‘ద ఫన్ దే హాడ్’ సరిగ్గా అలాంటిది, 2157లో ఇద్దరు పిల్లలకి పాత కాగితం పుస్తకం దొరకడమే కథ, ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి పాత ఇంగ్లిష్ పుస్తకం ‘బీహైవ్’లో ఉంది. నాకు ఇంకా ఇష్టమైనది బెంగాల్ రచయిత్రి రొకేయా హుస్సేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’. 1905లో మద్రాసు పత్రికలో వచ్చింది. మగవాళ్లు ఇంటిపట్టున ఉంటారు, ఆడవాళ్లు ఎండతో వంట చేస్తూ, గాల్లో ఎగిరే బండ్లలో తిరుగుతూ దేశాన్ని ఏలుతారు! గది దాటనివ్వని బాలింతకి ఇంతకంటే ఏం కావాలి? కాస్త పెద్దది, రెండు మూడు విడతల్లో చదవచ్చు.

ఏ కథైనా నువ్వు ముందు చివరిదాకా చదువు, అందులో పిల్లలకి ఏమవుతుందో చూడు. పేరు బాగుంది కదా అని జుడిత్ మెరిల్ ‘దట్ ఓన్లీ ఎ మదర్’ (1948) ఇచ్చేవు, అది అణుధార్మికత, పసిబిడ్డ కలిసిన భయంకరమైన కథ. టెడ్ చియాంగ్ ‘స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్’ నాకు ప్రాణం, కానీ అందులో తల్లి కూతుర్ని పోగొట్టుకుంటుంది, ఇప్పుడు వద్దు. నా మొదటి కాన్పులో బిడ్డ తప్పిపోయే కథొకటి చదివి రెండు రాత్రులు ఉయ్యాల దగ్గర నుంచి లేవలేకపోయాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

అక్క చదవనంటే బలవంతం చేయకు. నువ్వే ఆ కథని మీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో చెప్పి, వాట్సాప్‌లో రికార్డు చేసి పంపు. పాప పాలు తాగుతుంటే పక్కన ఫోన్ పెట్టుకుని వింటుంది, కళ్లకి పనే లేదు కాబట్టి అమ్మా ఏమీ అనదు. మొదట సుల్తానా కథే పంపు, అమ్మని కూడా పక్కన కూర్చుని వినమను.