చెరువులో కప్పల అరుపు వినబడకపోతే వాతావరణం మారిపోయినట్టేనా?

ఒక్క ఏడాది నిశ్శబ్దాన్ని బట్టి అలా తేల్చలేం, కానీ ఏళ్ల తరబడి ఆ అరుపు ఆలస్యమవుతూనో పలచబడుతూనో వస్తే పట్టించుకోవాల్సిందే.

అరిచేవి మగ కప్పలు, ఆడవాటిని పిలవడానికి. ఎండాకాలమంతా చాలా కప్పలు మట్టిలో దాక్కుని, నేల బాగా తడిసి గుంతల్లో నీళ్లు నిలిచాకే బయటికొస్తాయి. కప్ప పిల్లలకు కాళ్లు రావాలంటే ఆ నీళ్లు కొన్ని వారాలైనా ఉండాలి. అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. జూన్‌లో ఒక మంచి వాన పడి, తర్వాత నెలరోజులు చినుకు రాలకపోతే గుంత ఎండిపోతుంది, పిల్లలు అందులోనే చస్తాయి. ఇలా వరసగా జరిగితే అరిచే గొంతులే తగ్గిపోతాయి. వానాకాలపు రాత్రి ఆ సందడి మనసుకిచ్చే ఊరట చిన్నదేం కాదు, అందుకే దాని లోటు లెక్కలకన్నా ముందు చెవికి తెలుస్తుంది.

కప్పలు అరిస్తే వానొస్తుందని చాలామంది నమ్మకం. గాలిలో తేమ పెరిగినప్పుడు కొన్ని ముందే అరుస్తాయి గానీ, పెద్ద గోల వాన పడ్డాకే. పైగా గుంత పూడ్చినా, పురుగుమందు కలిసినా నిశ్శబ్దమే వస్తుంది. కాబట్టి ఏటా మొదటి పెద్దవాన రాత్రి, అదే గుంత దగ్గర, అదే వేళకు, బోరు మోటారు ఆగి ఉన్నప్పుడు ఫోన్‌లో 10 నిమిషాలు రికార్డు చేసి, తేదీ, వాన ఎంత పడిందో రాసిపెట్టుకుంటేనే పోల్చడానికి వీలవుతుంది.