దొంగరోగమా, కృత్రిమ రుగ్మతా?

ప్రశ్న: ఆరోగ్య కరపత్రం ఒకటి తెలుగు చేస్తున్నాను. 'ఫాక్టీషియస్ డిజార్డర్'ను 'కృత్రిమ రుగ్మత' అని రాస్తే, మావాళ్లు "దొంగరోగం అంటే సరిపాయె గదా" అన్నారు. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: రెండూ వద్దు.

దొంగనిద్రలో నిద్ర లేదు, దొంగఏడుపులో ఏడుపు లేదు. బడి ఎగ్గొట్టే పిల్లవాడి కడుపునొప్పీ, పరిహారం కోసం పెద్దలు మూలిగే నడుంనొప్పీ ఆ కోవవే. మన నెల్లూరు వైపు "ఏసాలేస్తా ఉండాడు" అనేది దీన్నే. వైద్యుల భాషలో ఇది మాలింగరింగ్. దీన్ని మానసిక రుగ్మతల్లో లెక్కించరు. మీరడిగిన రుగ్మతలో సెలవూ డబ్బూ లాంటి లాభమేదీ కనబడకపోయినా, జబ్బు నటించో తెచ్చుకునో మోసం సాగుతుంది. థర్మామీటరును వేడి టీలో ముంచి జ్వరమని చూపించవచ్చు, మానుతున్న పుండును గోకి రేపుకోనూవచ్చు. ఆ పుండులో చీము నిజం. దాన్ని దొంగపుండు అనలేం కదా!

'కృత్రిమ' వ్యుత్పత్తికి వంక పెట్టలేం. 'ఫాక్టీషియస్' లాటిన్ మూలానికీ, సంస్కృత 'కృ' ధాతువుకూ 'చేయు' అనే అర్థం. చిక్కంతా సమాసంలో ఉంది. కృత్రిమ కాలు అంటే కాలే కృత్రిమం. అలాగే 'కృత్రిమ రుగ్మత' అంటే రుగ్మతే ఉత్తిదని చదువుతారు. ఇక్కడ ఉత్తివి లక్షణాలు. రుగ్మత నిజం, దానికి చికిత్స కావాలి.

నేనైతే 'రోగకల్పన రుగ్మత' అంటాను. 'కల్పించి చెప్పాడు' అంటే లేనిది అల్లాడు. 'ఉపాధి కల్పించారు' అంటే లేనిదాన్ని ఉండేట్టు చేశారు. నటించడమూ, నిజంగా తెచ్చుకోవడమూ ఆ ఒక్క క్రియలో ఇముడుతాయి. పైగా మనకు 'కొను' ఉంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం రుగ్మతల వర్గీకరణ గ్రంథం, 2013 నాటి డీఎస్ఎం-5, ఈ రుగ్మతను తన మీద, ఇతరుల మీద అని రెండుగా చూపింది. తెలుగులో రోగం కల్పించుకోవడం, బిడ్డకు రోగం కల్పించడం అంటే చాలు. రెండోదానిలో రుగ్మత కల్పించినవారిది. 'రోగకల్పన రుగ్మత ఉన్న బిడ్డ' అని రాశారో, అర్థం తలకిందులవుతుంది.

'కొనితెచ్చుకున్న రోగం' కూడా పనికిరాదు. అది తాగి కాలేయం చెడగొట్టుకున్నవాణ్ణి అనే మాట, అందులో మోసం లేదు. 'రోగభ్రమ' వేరు, వాళ్లు జబ్బుందని నిజంగానే నమ్ముతారు.

మంచాసెన్ సిండ్రోమ్ అనే మాట వస్తే అలాగే ఉంచండి. కోతలకు పేరుమోసిన కథల్లోని బారన్ పేరును 1951లో బ్రిటిష్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ లాన్సెట్ వైద్య పత్రికలో ఈ జబ్బుకు పెట్టాడు. తెలుగు చేయాలన్న ఉత్సాహంలో 'కోతలరాయుడి రోగం' అని మాత్రం రాయకండి.